కాలని చెయ్యి

కాశీబుగ్గలో జీడిపిక్కల కార్ఖానా.
బోర్మాలోంచి దిగిన తట్ట చుట్టూ
అందరూ వేళ్ళు ఊదుకుంటూ కూచుంటే
దమయంతి మాత్రం
సెగలు కక్కే పప్పుని
చింతగింజల్లా ఏరేది.
"ఇది చెయ్యి కాదర్రా, పట్టకారు"
మేస్త్రీ మురిసిపోయేవాడు.
ఆ మెప్పుకి వారానికి ఇరవై రూపాయలెక్కువ.

నేనా వీధి ఆశా కార్యకర్తని.
ఆ మెప్పు విన్న రోజే నాకు గుండె జారింది.

మోచేతి పైన మచ్చ,
వెలిసిన చీర రంగు.
దురద లేదు, నొప్పి లేదు, చెమట పట్టదు,
నూగు కూడా రాలిపోయింది.
"జీడిరసం పడ్డాది. అదే పోతాది."
కళ్ళు మూసుకోమన్నాను.
పెన్నుమొన తగిలిన చోటల్లా వేలు పెట్టమన్నాను.
మెడ మీద పెట్టింది. భుజం మీద పెట్టింది.
మచ్చ మీద ఆనించాను.
కళ్ళు మూసుకునే అడిగింది:
"ఇంకా మొదలెట్టవేటి?"

పెద్దరోగం అన్న మాట నేననలేదు.
గడప మీంచి అత్త అంది.
ఏ జన్మ పాపమో అని కూడా అంది.

పాపం కాదత్తా, పురుగు.
కంటికానదు.
మందు పడని మనిషి ఊపిరిలోంచి
ఏళ్ళ తరబడి ఒకే కప్పు కింద పడుకున్న ఊపిరిలోకి.
చాలామంది ఒళ్ళు దాన్ని గెంటేస్తుంది.
గెంటలేని ఒంట్లో
ఒకటి రెండు కావడానికే రెండు వారాలు,
అంత బద్ధకపు పురుగు,
అంత ఓపికగా నరం కొరుకుతుంది.

అత్త విన్నది. విని,
గ్లాసు వేరు పెట్టింది.

ఆ గ్లాసుతోనే నాకు నీళ్ళిమ్మన్నాను.
నిజం చెప్పాలి,
అందుకోబోయిన నా చెయ్యి ఒక్క క్షణం ఆగింది.
శిక్షణ పొందిన చెయ్యే.
దమయంతి చూసింది.
ఏమీ అనలేదు.
తాగాను.

నెలకో బిళ్ళల అట్ట, పన్నెండు నెలలు.
నెలలో మొదటి మోతాదు నా ఎదురుగా మింగాలి.
మొదటి రోజే ఎర్రటి మూత్రం చూసి
పరుగెత్తుకొచ్చింది.
"నెత్తురు కాదే, మందు రంగు."
ఒళ్ళు నల్లబడితే వీధి అడిగింది.
మధ్యలో ఒకసారి మోచేతి నరం తాడులా ఉబ్బి
రాత్రంతా ఏడిస్తే
ఆటోలో పలాస ఆసుపత్రికి తీసుకెళ్ళాను.
అట్ట మాత్రం ఒక్క రోజూ మానలేదు.

పురుగు పోయింది.
పోయిన స్పర్శ పూర్తిగా రాలేదు,
ఆ సంగతి దాచను.
ఇంకా ముందే పట్టుంటే వచ్చేదేమో.

ఇప్పుడు వేడి గిన్నెని ఎడమ చేత్తో అడిగి గాని
కుడిచేత్తో ముట్టదు.
రాత్రి చేతులు నీళ్ళలో నానబెట్టి, నూనె రాసి,
బల్బు కింద వేళ్ళు పరుచుకుని
పప్పు గ్రేడు చేసినట్టు చూసుకుంటుంది:
ఇది గుండు. ఇది గుండు.
దీనికి చిన్న కాటు.

మొన్న కొత్తగా చేరిన పిల్ల
వేడి తట్టలో చెయ్యి పెట్టి మెదల్లేదట.
మేస్త్రీ మెచ్చుకోబోయాడట.

పొద్దున్నే మా గుమ్మంలో దమయంతి.
"నీ పెన్నోపాలి ఇయ్యి."