ఉప్పు కాస్త ఎక్కువే

జూన్ వచ్చినా చిత్తూరులో వెన్నకు నీడ దొరకదు.
అందుకే రెండున్నరకు లేస్తాను,
వంటింటి గట్టురాయి ఇంకా చల్లగా ఉన్నప్పుడే.

మైదా, ఈస్టు, చెంచాడు చక్కెర.
ఉప్పు మాత్రం
చెయ్యి జారిందేమో అనిపించేలా వెయ్యాలి.
ఆ మాట అలెక్‌ది.
అబర్డీన్‌లో నేను నర్సుగా చేసిన ముసలివాళ్ల హోములో
పదకొండో నంబరు గది.
పదిహేనో ఏట పడవెక్కి
డెబ్బయ్యో ఏట దిగినవాడు.
కాళ్లకు మందు రాస్తుంటే చెప్పేవాడు:
"మామూలు రొట్టె మూడోనాటికి బూజు పడుతుంది.
బటరీ పట్టదు.
ఒడ్డుకు వచ్చేదాకా నిలవాలి కదా."
సముద్రం ఎంత దూరమని ఎప్పుడూ చెప్పలేదు,
ఎన్ని రోజులో చెప్పేవాడు.

వాళ్లు పంది కొవ్వు కలుపుతారు.
ఆ సంగతి అమ్మకు చెప్పలేదు.
నేను పలమనేరు వెన్నలో కాస్త డాల్డా కలుపుతాను.
ఈ సంగతి అలెక్‌కు చెప్పేవీలు
ఇప్పుడు లేదు.

పిండి పరిచి, వెన్న పులిమి,
ఉత్తరంలా మూడు మడతలు.
ఫ్రిజ్‌లో అరగంట.
మళ్లీ పరిచి, మళ్లీ మడిచి.
మొదటిసారి కరెంటు పోయింది,
వెన్నంతా ట్రేలోకి కారి
పిండి ఒంటరిగా మిగిలింది.
అమ్మ ఒక ముక్క విరిచి చూసి,
"మడత కాజాకు పాకం మర్చిపోయినావా మే?" అంది.
మేడమీద అద్దెకుండే పరోటా మాస్టరు సెల్వం
డ్యూటీ దిగి వస్తూ కిటికీ దగ్గర ఆగి,
"ఇంత నిదానంగా మడిస్తే
మా కొట్లో ఆకులు ఎండిపోతాయక్కా" అన్నాడు.
అయినా లోపలికొచ్చి
అరచేతి మడమతో ఎలా నొక్కాలో చూపించాడు.

ఇవాళ మూడో విడత.
వేళ్ల కణుపులతో గుంటలు పెట్టి
ఓవెన్లోకి తోశాను.
అందంగా పొంగవు ఇవి.
ఎవరో పొరపాటున కూర్చుని లేచినట్టుంటాయి.
విరిస్తే మాత్రం
పొర పొరకూ మధ్య చిన్న ఆవిరి.

ఐదింటికి గజేంద్ర ఫోను.
"అక్కా, టోకెను ఇంకా కదల్లేదు."
గుజ్జు ఫ్యాక్టరీ ముందు
తోతాపురి ట్రాలీతో మా తమ్ముడికి
అది మూడో తెల్లవారు.

పద్దెనిమిది బటరీలు తువాల్లో కట్టి
స్కూటీ ఎక్కాను.
గంగాధరనెల్లూరు రోడ్డు పొడవునా
ఒకదాని వెనక ఒకటి ట్రాక్టర్లు,
కింద గోతాల మీద మనుషులు,
బాటిల్ నీళ్లతో మొహం కడుక్కునేవాళ్లు.
గాలంతా పండు వాసన.
మొన్న బాగుండేది ఆ వాసన.

వెన్న పూసుకోవాల్సింది అడుగు వైపు, అన్నాను.
వెన్న ఎవరి దగ్గరుంది?
గజేంద్ర తన ట్రాలీలోంచి ఒక కాయ తీసి
చాకుతో చెక్కలు కోసి
ఒక్కో బటరీ వీపున పరిచాడు.
పులుపు, తీపి, ఆ మొండి ఉప్పు.
అలెక్ ఒప్పుకునేవాడో లేదో.

పక్క ట్రాక్టరు దొరస్వామి
నమిలి నమిలి తీర్పు చెప్పాడు:
"ఉప్పెక్కువ మ్మే."
కాసేపాగి,
"ఇంగొకటి ఉండాదా?"

అది చేతిలో పట్టుకుని
తినకుండా అడిగాడు,
"ఎన్నాళ్లు నిలవుంటాది?"
"వారం. గట్టిగా పది రోజులు"
అన్నాను గర్వంగా.

ఆయన చూస్తున్నది
ట్రాలీ వైపు.