సున్నం డబ్బా

పర్లాకిమిడి, పాత బస్టాండు మలుపు. నా కిళ్లీ కొట్టు.
చిల్లర లెక్కెడతా లెక్కెడతా మా జమున
"పదకొండూ..." అని ఆగిపోతాది.
కళ్లు తెరిచే ఉంటాయి, లోపల ఎవరూ ఉండరు.
మళ్లీ "పన్నెండు" అంటాది, ఏటీ జరగనట్టు.
పరాకు గుంటనుకుని రెండేళ్లు కొట్టేను.

బరంపురం డాక్టరు చీటీ వెనక గీసి చూపించేడు:
మెదడు కణానికి సన్న సన్న దార్లంట,
వాటిలోంచి కాల్షియం ఒక్కుమ్మడిగా తోసుకొస్తే
ఆ కాసేపూ పిల్ల ఉండదంట.
సిరప్పు ఆ దార్లని కాస్త బిగిస్తాదంట.
"కాల్షియం అంటే?" అన్నాను.
"నీ సున్నంలో ఉండేదే."

ఎక్కువైతే నోరు పొక్కుతాది, తెలుసు నాకు.
పదిహేనేళ్లుగా వేలి కొసతోనే రాస్తన్నాను.

ఇవాళ నలభై మూడు దాకా ఆగకుండా లెక్కెట్టింది.
ఒక రూపాయి తక్కువొచ్చింది.
వెతకలేదు.