కమాను

పొగతోటలో డాక్టరు
నా చేతి బొటనవేలు పట్టి వెనక్కి వంచాడు.
ముంజేతిని తాకింది.
మోకాలు నొక్కాడు, విల్లయింది.
పాదం తీసుకుని
తడిబట్ట పిండినట్టు అటూ ఇటూ తిప్పి
"ఎప్పట్నుంచి?" అన్నాడు.

ఎప్పట్నుంచని చెప్పను?
మూలాపేట మేడమీద, ఏడేళ్ళప్పుడు,
వసంతలక్ష్మి టీచరు నా మడమ ఎత్తి చూపి
"చూడండ్రా, వెన్నముద్ద. ఈ పిల్లకి ఎముకల్లేవు"
అన్న సాయంత్రం నుంచా?
మిగతా పిల్లలు వంగలేక ఏడుస్తుంటే
నేను వంచిందే వంచి, వంచిందే వంచి,
మెప్పు దొరికే చోటికల్లా వంగి.

అప్పుడు నొప్పి లేదు.
నొప్పి ఉండాల్సిన చోట చప్పట్లుండేవి.

ఇత్తడి పళ్ళెం అంచుమీద
వేళ్ళు బిగించి ఆడినంతసేపూ తెలిసేది కాదు.
దిగాక మొదలయ్యేది,
చీలమండ కింద, లోపలివైపు,
ఎవరో సన్నతీగ లాగి వదలడం మర్చిపోయినట్టు.
తెల్లారి మంచం దిగితే
మొదటి అడుగు పల్లేరుకాయ.
మూడో అడుక్కి మామూలే,
అందుకే ఎవరికీ చెప్పలేదు.
ఉప్పునీళ్ళ బకెట్టులో కాళ్ళు పెట్టి
పైన లంగా కప్పేదాన్ని.

ఆ కాళ్ళతోనే వసారా దాటుతుంటే
నల్లబండల మీద నా తడి అడుగు చూశాడు నాయన.
ఎత్తితే వంపున్న పాదం,
మోపితే వంపు లేని అచ్చు,
రొట్టెముక్కలా, ఎక్కడా నడుమన్నది లేకుండా.
ఆటోనగర్లో ముప్పైయేళ్ళు
లారీ కమాన్లు విప్పి బిగించిన మనిషి
గొంతుక్కూర్చుని
ఆ తడి చుట్టూ వేలితో గీత గీసి అన్నాడు:
"కమాను కూచునింది మే."

డాక్టరు ఇంగ్లీషులో రాసిచ్చిందీ అదే.

"బాగా వంగుద్దని మురిసిపోతే ఎట్టా?
వంగేదానికి రేకైనా వంగుద్ది.
బరువు దిగినాక లేవాల గదా.
లేచేదాన్నే కమానంటారు."
పెంచలయ్య మేస్త్రి తన జన్మలో చేసిన
ఒకే ఒక్క నాట్యోపన్యాసం.
తర్వాత బీడీ ముట్టించుకున్నాడు.

ఆరు నెలలు స్టేజి లేదు.
చింతగింజలు నేలమీద పోసి
కాలివేళ్ళతో ఒక్కోటే తీసి గిన్నెలో వెయ్యాలి.
అరికాల్లో చిన్న చిన్న కండలుంటాయట,
వాటిని పదిహేనేళ్ళు నిద్రపోనిచ్చి
కీళ్ళకి వేలాడుతూ ఆడానట.
మొదటిరోజు నాలుగు గింజలు.
ఐదోదానికి పిక్క పట్టేసింది, గిన్నె తన్నేశాను.
ఫ్రిజ్ కింద ఇంకా కొన్ని ఉండే ఉంటాయి.

అన్నిటికన్నా కష్టం ఆగడం.
అరమండిలో మోకాలు ఇంకా పోతానంటుంది, పోనివ్వకూడదు.
మడమ ఇంకా వాలుతుంది, వాలనివ్వకూడదు.
అందరి ఒంట్లోనూ ఉండే గోడ నా ఒంట్లో లేదు.
ఎక్కడ ఆగాలో రోజూ సుద్దముక్కతో గీసుకోవాలి,
చెమటకి చెరిగితే మళ్ళీ గీసుకోవాలి.
"బిగుసుకుపోయావేమే" అన్నారు టీచరు, చూసి.
జవాబు చెప్పలేదు.
చెప్పడానికి ఊపిరి మిగల్లేదు.

ఇప్పుడు నా క్లాసుకి కోవూరు నుంచి ఒక పిల్ల,
కసుమూరు మొక్కు బిడ్డ,
ఇంట్లో మస్తానమ్మ, బళ్ళో మాన్య.
మొన్న పాదం వెనక్కి మడిచి
వేళ్ళ గోళ్ళు నేలకానించి చూపింది.
గదంతా చప్పట్లు.
నానమ్మ సంచిలోంచి ఫోను తీసింది.
నా చేతులూ లేచాయి, అబద్ధమెందుకు,
సగంలో ఆగాయి.

కింద కూర్చుని ఆ మడమ అరచేతిలోకి తీసుకున్నాను.
వెచ్చగా, ఎటంటే అటు.
వెన్నముద్ద.
ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది.

"నొప్పుందా మే?"
"లేదు మిస్."
"ఎప్పుడన్నా?"
నానమ్మ వైపు చూసింది,
గొంతు తగ్గించింది.
"పొద్దున్నే. మంచం దిగేటప్పుడు."

డబ్బా తెచ్చి బోర్లించాను.
రెండు కుప్పలు చేశాను,
దానికొకటి, నాకొకటి.
ఎవరు ముందు తీస్తారో చూద్దాం
అనబోయి,
ఆగి,
"నిదానంగా" అన్నాను.