మా భాషలో ఒక మాట

గుంటూరు తాలూకాఫీసులో ఫ్యాను తిరుగుతోంది,
గాలి మాత్రం గుమాస్తా వైపుకే.
పాప ఇంటరు ఫారం, నా పాత సర్టిఫికెట్టు,
మా నాయన టీసీ, మడతల్లో చిరిగిపోయింది,
కిటికీ కింద నుంచి లోపలికి తోశాను.

కాగితం చూశాడు. నన్ను చూశాడు.
“ఎరుకలోళ్ళా? అలా కనపడరే మీరు!”
నా ఇస్త్రీ చీరలో, చేతి గడియారంలో
ఏదో తప్పు దొరికినట్టు మొహం పెట్టాడు.
వెనక వరసలో ఎవరో
“ఈ రోజుల్లో అందరూ ఎస్టీలేలే” అన్నారు.
మిరప యార్డు ఘాటు గాలికి కొట్టుకొచ్చి
అందరం ఒక్కసారే తుమ్మాం.
దానికి ఎవరూ కాగితం అడగలేదు.

“సరే, మీ భాషలో ఏదన్నా మాట్లాడు, చూద్దాం.”

నలభై రెండేళ్ళు నాకు.
మా నాంచారవ్వ ఆ భాషని
దీపం ఆర్పాకే బయటికి తీసేది,
పందుల దొడ్డి వెనక, గొంతు తగ్గించి.
పగలు నా నోరు జారితే మూతి మీద ఒకటి వేసేది.
“రైల్లో మాట్లాడమాక, బళ్ళో మాట్లాడమాక,
పోలీసోళ్ళకి మన నోరే ఆనవాలు.”
ఆమె కాపరానికొచ్చిన కొత్తల్లో
సీతానగరం సెటిల్‌మెంటులో మా తాత
పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి
రిజిస్టర్లో వేలిముద్ర వేసొచ్చేవాడు.
దొంగ అని రాసుకోవడానికి పేరు చాలింది.
“అలా కనపడవే” అని
ఒక్కడన్నా అనలేదు.

నేను నర్సింగు చదివేటప్పుడు
బ్రాడీపేట హాస్టల్లో హిమజ గొలుసు పోయింది.
ఆ వారమే నోటీసు బోర్డు మీద స్కాలర్‌షిప్పు జాబితా,
నా పేరు పక్కన రెండక్షరాలు.
వార్డెను నా ట్రంకుపెట్టె ఒక్కటే తెరిచింది.
మూడో రోజు బాత్రూం గూట్లో
సబ్బు కింద దొరికింది గొలుసు.
నా లోపలి బట్టలు మాత్రం
ఇంకా ఆ వరండాలోనే పరిచి ఉన్నాయి.

అప్పుడు అడక్కుండానే అంటించిన రెండక్షరాలు
ఇప్పుడు అడుగుతుంటే
ఈయన సొంత ఆస్తిలా చేత్తో మూసుకు కూర్చున్నాడు.

మాట్లాడాను.
ఒక్క మాట. అన్నానికి అవ్వ నన్ను పిలిచే మాట.
దాన్నిక్కడ రాయను.

“అరవంలా ఉందే!” నవ్వాడు గుమాస్తా.
వరసంతా నవ్వింది.
పాప ఫోన్లోంచి తలెత్తింది.
“ఏంటమ్మా అది? నాకెప్పుడూ చెప్పలేదే!”

విచారణకి వీఆర్వో వస్తాడట,
మంగళవారం మళ్ళీ రమ్మన్నాడు.

ఆటోలో పాప ఆ మాటని
తప్పుగా, గట్టిగా, మళ్ళీ మళ్ళీ అంటోంది.
అద్దంలోంచి డ్రైవరు చూశాడు.
నా చెయ్యి లేచి
దాని మూతి దాకా వెళ్ళింది,
అచ్చం అవ్వ చెయ్యే.

మొహాన పడ్డ జుట్టు సర్ది
వెనక్కి తీసుకున్నాను.
“అలా కాదు,” అన్నాను. “చివర కొంచెం సాగదియ్యి.”