మూడు దాకా లెక్క

మా నాన్న టోర్క్విల్ మెకాస్కిల్ పతకం
మగ్గానికి వేలాడేది.
పడుగులో ఏ పోగు వదులైనా
బిగువు కోసం దాన్నే కట్టేవాడు,
మేకైతే తుప్పు పడుతుంది, ఇది పట్టదు అని.
అంతకు మించి ఆయన దాన్ని పొగడగా నేను వినలేదు.

రాజుగారి సంతకంతో వచ్చిన కాగితంలో ఉంది:
బురదలో, తుపాకుల కింద,
ఒక్కొక్కర్నీ వీపున వేసుకుని
ముగ్గురిని తెచ్చాడని.
కాగితం అక్కడితో అయిపోతుంది.

నాలుగోవాడు ఇయాన్.
లూయిస్ దీవిలో మా ఊరి చివర,
సముద్రం వైపు ఇల్లు.
వాళ్ళమ్మ ఎఫీ.

ప్రతి వేసవిలో నాన్న
మా పొయ్యికంటే ముందు ఆమె పొయ్యికి
చిత్తడి నేలలో పీటు మట్టి కోసేవాడు.
పలకలు గాలికి ఆరబెట్టి, ఆమె గోడ పక్కన పేర్చి
గుమ్మం తొక్కకుండా వచ్చేసేవాడు.
ఆమె టీ తెచ్చి గడప మీద పెట్టేది.
ఆయన నిలబడే తాగేవాడు.
నలభై ఏడు వేసవులు,
వాన గురించి తప్ప మాట లేదు.

గొర్రెల్ని దొడ్లోకి తోలేటప్పుడు
ఒకటి, రెండు, మూడు...
అక్కడ నాలుక మడత పడేది.
మళ్ళీ ఒకటి నుంచి.
చీకటి పడిపోయేది. అమ్మ లాంతరు పట్టుకొచ్చి
గేలిక్‌లో గొణుక్కుంటూ తనే లెక్క తేల్చేది.
మేం పిల్లలం నవ్వేవాళ్ళం.
ఆ నవ్వు ఇప్పుడు తలుచుకుంటే
నోట్లో ఉన్ని ఇరుక్కున్నట్టుంటుంది.

లండన్ నుంచి ఒకాయన వచ్చాడోసారి, నోటుపుస్తకంతో.
భయం వేయలేదా అన్నాడు.
"మొదటివాడు తేలిగ్గా ఉన్నాడు," అన్నాడు నాన్న.
ఆయన రాసుకుని, పెన్సిలు ఎత్తి పట్టుకుని
చాలాసేపు చూశాడు.
నాన్న లేచి కుక్కకి ఓట్ల జావ పెట్టడానికి వెళ్ళాడు.

నాన్నని పాతిపెట్టిన రోజు
మగవాళ్ళు పెట్టె మోసుకుపోయారు.
మా దీవిలో ఆడవాళ్ళం స్మశానానికి వెళ్ళం.
అప్పుడు వచ్చింది ఎఫీ, తొంభై దాటిన మనిషి,
ఎదురుగాలిలో, రెండు కర్రల మీద.
నలభై ఏడేళ్ళలో మా ఇంట్లో అడుగుపెట్టడం అదే మొదలు.
మగ్గం దగ్గర ఆగి
పతకాన్ని అరచేతిలో తూచింది,
చేపను తూచినట్టు.

"మా ఇయాన్ బరువు మనిషి," అంది.
"వాళ్ళ నాన్న పోలిక.
పన్నెండేళ్ళప్పుడే పడవలోకి ఎక్కించాలంటే
ఇద్దరం పట్టాల్సొచ్చేది."

ఇంకేం అనలేదు.
చెయ్యి తీసేసింది.
పతకం కాసేపు ఊగింది,
దారం బిగుసుకుంది.
టీ పెట్టనా అని అడిగాను.
కూర్చుని తాగింది.