కలే తుప్ప

చీపురుపల్లి అవతల మెట్టని
ఒక మాఘమాసం నాలుగు వారాల్లో చదును చేశాను.
పొక్లెయిన్ నాది కాదు, చేతులు నావి.
గ్రావెల్ లారీకింత అని కాంట్రాక్టరు లెక్క,
గంటకింత అని నా లెక్క.
తుప్పలకి లెక్క లేదు.

మూడో వారం
బకెట్టుకి అడ్డంగా ఒకామె వచ్చి నిలబడింది.
తవిటమ్మ.
పుట్టగానే చేటెడు తవుడికి అమ్మి
మళ్ళీ కొనుక్కున్న పిల్ల,
అందుకే బతికిందట, అరవై ఏళ్ళుగా.
"ఆ ఒక్క కలే డొంకా ఒగ్గీరా బాబూ" అంది.
హారన్ కొట్టాను. కదల్లేదు.
ఇంజను ఆపి దిగితే
చొక్కా పట్టుకుని లాగింది,
ఆమె కాదు, డొంక.

వేర్లతో పెళ్ళగించి
కాలనీలో ఆమె సెంటున్నర స్థలం ముందు దింపాను.
పదకొండో రోజుకి ఎండిపోయింది.
"ముసిల్దిరా, ఊరు మారితే ఉండదు" అని
నరికి పొయ్యిలో పెట్టింది.
ఆ మంటమీదే నాకు టీ కాచింది.
తాగాను.

జ్యేష్ఠంలో
గెడ్డ అవతల మిగిలిన తుప్పల్నుంచి పళ్ళు తెచ్చుకుని
తిని, గింజలు ఉమ్మి,
ఉమ్మిన తడి ఆరకముందే పాతింది.
పగిలిన కుండల్లో, పెయింటు డబ్బాల్లో,
ఎవరో పారేసిన హెల్మెట్లో.
నలభై గింజలు.
ఎలకలకి పోగా, కోళ్ళకి పోగా, పదమూడు.

కాలనీ నవ్వింది.
కంప కొట్టేవాళ్ళని చూశాం గానీ
కంపకి నీళ్ళు పోసేవాళ్ళని చూళ్ళేదన్నాడు సన్నాసి మేస్త్రి.
ఆమె సాయంత్రం రెండు చెంబులు పోసేది,
పేడ మాత్రం వెయ్యనిచ్చేది కాదు.
"కొవ్వెక్కితే ఆకేస్తాది. కాయ నేదు."
మొదటి ఏడు మోకాలెత్తు.
రెండో ఏడు ఒక మేక వచ్చి
మూతి పొడిపించుకుని వెళ్ళిపోయింది.
మూడో ఏడు ముళ్ళు తప్ప ఏమీ లేదు,
పింఛను ఇవ్వడానికొచ్చిన కుర్రాడి ప్యాంటు చిరిగింది, అంతే.

నాలుగో మాఘంలో
రాత్రి డ్యూటీ దిగి వస్తుంటే వీధి మొగలో వాసన.
మల్లె అనుకున్నాను. మల్లె కాదు.
పాలవాసన కొంచెం కలిసిన తెలుపు.
నాకది కొత్త కాదు.
మెట్టమీద ఆ నాలుగు వారాలూ
డీజిల్ వాసన కింద ఉన్నది అదే.
అప్పుడు దాన్ని ఏమనాలో తెలీలేదు.

ఇప్పుడు పచ్చివి పప్పులోకి, దోరవి ఊరగాయకి.
రైల్వే గేటు దగ్గర సోల ఇరవై రూపాయలు.
గేటు పడితే ఆగిన ఆటోల్లోంచి చేతులు చాస్తారు.
తొడిమ తుంచినచోట కారే పాలు
వేళ్ళకి బంకలా పట్టేస్తే
కొబ్బరినూనె రాసి గోనెకి తుడుచుకుంటుంది.
ఎండుకొమ్మలు కోళ్ళగూటి చుట్టూ, పిల్లి రాకుండా.
నల్లగా పండినవి అమ్మదు. అవి పిల్లలవి.
"పుంజా? పెట్టా?" అని అడిగి కొరుకుతారు,
లోపల ఎర్రగా ఉంటే పుంజు.
సన్నాసి మేస్త్రి మనవరాలు ఎప్పుడూ పెట్టే అంటుంది,
ఎప్పుడూ ఓడిపోతుంది,
ఓడిపోయి రెండోది అడుగుతుంది.

నిన్న అడ్డెడు కాయలు కోసిపెట్టాను.
నడిమివేలిలో ముల్లు దిగి లోపలే విరిగింది.
ముల్లుని ముల్లుతో తీస్తారంటారు.
తవిటమ్మ జాకెట్టు పిన్నీసు తీసి
అగ్గిపుల్లమీద కాల్చింది.
"ఇప్పటికెన్ని మెట్టలు తవ్వినావురా?"
కళ్ళు వేలుమీదే ఉన్నాయి.
తొమ్మిది అన్నాను.
"రేపో?"
గరివిడి రోడ్డులో ఇంకోటి.
ఏమీ అనలేదు. ముల్లు వచ్చింది,
నువ్వుగింజంత కూడా లేదు.

వెళ్తుంటే నా చొక్కా జేబులో
పండినవి గుప్పెడు పోసింది.
"ఆరనీకు" అంది.

పొద్దున్నే ఇంజను తాళం తిప్పేసరికి
జేబు ఇంకా తడిగానే ఉంది.