పదకొండు నాణేల బాణం

మిల్లు గేటుకి తాళం పడ్డ ఇరవయ్యో రోజు
కరెంటు పోయింది, చంపావతి మీంచి వాన వచ్చింది.
నెల్లిమర్ల క్వార్టర్స్‌లో మా వరండా
మళ్లీ నల్లరాతి కోట అయింది.

పాత హాజరు పుస్తకం వెనక పేజీల్లో
ఆట రాసింది నేను.
పాచికలు లేవు. అరగదీసిన చింతగింజలు ఆరు,
తెల్లగా ఎన్ని పడితే అంత అదృష్టం.

"కోట తలుపు మూసుంది" అని చదివాను.
"పైన ఇనపకళ్ల కాపలావాడు. నిద్రపోడు.
మీ అమ్ములపొది ఖాళీ.
సంతలో ముసలి కమ్మరి కొట్టు మాత్రం తెరిచే ఉంది."

ధరలు చదివాను.
నాగుపాము కోరతో చేసిన మొన, నలభై నాణేలు.
పిడుగు పడ్డ టేకు కాడ, ముప్పై.
గండభేరుండం ఈక ఒక్కోటీ పాతిక,
బేరం లేదు.

గంగులు మూట విప్పి లెక్కపెట్టాడు.
పదకొండు.
"అప్పివ్వడా?" అన్నాడు తవిటయ్య.
ఎవరూ నవ్వలేదు.
మూల మీది కిరాణావాడు మొన్ననే ఖాతా పుస్తకం మూసేశాడు.

అప్పుడు అప్పలకొండ,
స్పిన్నింగ్‌లో ఎనిమిదేళ్లు దారం తెగకుండా కాసిన మనిషి,
కొంగుకి చేతులు తుడుచుకుని ముందుకి జరిగింది.
"ఎదురెంత?"
అది రాసుకోలేదు నేను. "రెండు" అనేశాను.
"ఎప్పుడు కొట్టింది?"
"ఏటి?"
"ఎన్నిల్లో కొట్టిన ఎదురుకి పురుగట్టేస్తాది.
అమాసకి కొట్టిందయితే ఇమ్మను."
గొంతు మార్చి, కమ్మరినై,
అమాసదే తల్లీ అన్నాను.

కణుపు కణుపునీ నిప్పు మీద కాచింది,
లేని నిప్పు మీద, లేని వెదురుని.
ఒక కన్ను మూసి వంకర చూసింది,
మోకాలికి ఆనించి సరిచేసింది.
మాకు పొగ వాసన వచ్చింది. ఒట్టు.

ఈకలు కోడివే, కమ్మరి పెరట్లో రాలినవి.
కానీ మూడూ ఒకే రెక్కవి కావాలంది.
"కుడిదొకటీ ఎడందొకటీ కడితే
తోడికోడళ్లలాగ సెరో దిక్కూ లాగుతాయి."
తుమ్మబంక కొసరు.
కట్టడానికి పట్టుదారం, ఆరు నాణేలు అన్నాను.
నా వైపు జాలిగా చూసింది.
"గోగునార ఒగ్గీసి పట్టేటి?"

మిగిలినవి తొమ్మిది.
"ఇనప మొన తొమ్మిదికే వస్తుంది,
గుండెల్లో దిగితే..."
"మొనొద్దు."
గంగులు తల పట్టుకున్నాడు.
"ఆ తొమ్మిదికీ నారే ఇమ్మను. పేనుతాను."

పేనింది.
తొడ మీద, అరచేత్తో,
ఇరవై రోజులుగా పని లేని చేత్తో.
గోడ ఎత్తు అడిగి, దానికి రెండింతలు.
కొసని బాణం తోకకి ముడేసింది.

"కాపలావోడ్ని సంపితే ఇంకోడొస్తాడు.
ఇది గోడ దాటితే సాలు.
లోపలున్నోళ్లు అందుకుంటారు."

నా రాతలో బాణమంటే గుచ్చేదే.
కోట లోపల ఎవరినీ రాయలేదు నేను.

"నాలుగు తెల్లగా పడాలి" అన్నాను, ఏదో ఒకటి అనాలని.
గింజలు విసిరింది.
మూడు తెలుపు, రెండు నలుపు.
ఆరోది దొర్లుకుంటూ వానకాలవ వైపు పోయింది.
తవిటయ్య సెల్లు వెలిగించి వంగి వెతుకుతున్నాడు,
గంగులు ఇటుకలు కదుపుతున్నాడు.

అప్పలకొండ వెతకలేదు.
"ఈలోగా సెప్పు, లోపలున్నోళ్ల పేర్లేటి?"

పుస్తకం తిరగేశాను, హాజరు గళ్ల వైపుకి.
పెన్సిలు మొన విరిగి ఉంది.
పళ్లతో చెక్కుకుని
మొదటి పేరు రాశాను.